ఉమ్మెత్త పొగ నుండి ఇన్‌హేలర్ వరకు

పల్నాడు జిల్లాలో వినుకొండకు చేరువగా ఉన్న నూజెండ్ల ప్రాంతం ప్రధానంగా మెట్ట సేద్యపు సీమ. మిరప, పత్తి ఇక్కడి రైతులకు బాగా తెలిసిన పైర్లు. మిరపకాయలు కోసి కల్లాలలో ఆరబోసే రోజులలో ఆ దారిన పోయేవారికి ఘాటు తగిలి దగ్గు రావడం మామూలే. ఆ కల్లాల చుట్టుపక్కలనే, బంజరు నేలలలోను, పెంటకుప్పల పైన, ఎవరూ నాటకుండానే పెరిగే మొక్క ఒకటి ఉన్నది. బూర వంటి పొడవైన పూలు, ముళ్ళతో నిండిన గుండ్రని కాయలు గల ఆ మొక్క ఉమ్మెత్త. పశువులు దానిని మేయవు. పెద్దలు పిల్లలను దాని దగ్గరకు పోనివ్వరు. వినాయక చవితినాటి పత్రిలో మాత్రం దానికి చోటున్నది.

మిరప ఘాటు ఊపిరి గొట్టాల లోపలి నాడుల కొనలను రేపుతుంది. ఆ వార్త నాడుల ద్వారా మెదడుకు పోతుంది. మెదడు నుండి తిరిగి వచ్చే ఆజ్ఞ వలన దగ్గు పుడుతుంది, గొట్టాలు కొంత బిగుస్తవి. ఉమ్మెత్తలోని పదార్థం సరిగా ఆ తిరుగు ఆజ్ఞనే అడ్డగిస్తుంది. బిగించేది, సడలించేది రెండూ ఒకే పొలిమేరలో దొరుకుతున్నవన్నమాట. ఉబ్బస రోగులు నేడు వాడే మందులలో ఒక ముఖ్యమైన తెగ ఈ కలుపుమొక్క నుండే పుట్టింది. దాని కథలో మద్రాసు నగరానికి, మదనపల్లికి, భీమవరంలో పుట్టిన ఒక శాస్త్రజ్ఞునికి కూడ భాగమున్నది.

ఈ చరిత్ర నుండి నేర్చుకోవలసిన పాఠం ఒకటి కలదు. బిగిసిన గొట్టాన్ని సడలించడం ఒక పని. గొట్టం లోపలి వాపును తగ్గించడం వేరొక పని. ఈ రెంటికీ గల భేదాన్ని వైద్యలోకం పూర్తిగా గుర్తించడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ లోగా ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఊపిరి గొట్టాల నిర్మాణం

గొంతు దిగువన మొదలయ్యే శ్వాసనాళం రొమ్ములో రెండుగా చీలుతుంది. ఆ రెండూ కొమ్మలుగా, కొమ్మలు రెమ్మలుగా చీలుతూ పోతవి. ఈ విధంగా సుమారు 23 తడవలు చీలిన పిదప సన్నని గాలితిత్తులు వస్తవి. తలక్రిందులుగా నిలిపిన చెట్టును ఊహించుకుంటే ఈ అమరిక తేలికగా బోధపడుతుంది. పెద్ద గొట్టాలకు మృదులాస్థి ఊతగా ఉంటుంది కనుక అవి సులభంగా మూసుకొనిపోవు. 1 మిల్లీమీటరు, అంతకన్న తక్కువ వ్యాసం గల చిన్న శ్వాసనాళికలకు ఆ ఊత లేదు. వాటి చుట్టూ నునుపు కండరం చుట్టుకొని ఉంటుంది. చేతి కండరం మన ఇష్టం మేరకు కదులుతుంది. ఈ నునుపు కండరానికి మన ఇష్టంతో పనిలేదు. నాడుల నుండి, రక్తం నుండి వచ్చే రసాయనాల ఆజ్ఞలకే అది లోబడి ఉంటుంది.

గొట్టం కొద్దిగా ఇరుకైతే అంత ఆయాసం ఎందుకు? దీనికి భౌతికశాస్త్రంలో సమాధానమున్నది. సన్నని గొట్టంలో నెమ్మదిగా సాగే ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం, గొట్టపు వ్యాసార్ధం యొక్క నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు పాయిజూలీ 19వ శతాబ్దంలో చూపాడు. వ్యాసార్ధం సగమైతే నిరోధం రెండింతలు కాదు, 16 రెట్లు అవుతుంది. అట్లాగే మూసుకొనిపోయిన గొట్టాన్ని మందు కొంచెం విప్పినా రోగికి కలిగే సుఖం ఎంతో ఎక్కువ. ఇరుకైన గొట్టాల గుండా గాలి బలవంతంగా పోయేటప్పుడు పుట్టే ధ్వనినే పల్లెలలో పిల్లికూతలు అంటారు.

ఉబ్బసంలో గొట్టాలు ఇరుకు కావడానికి కారణాలు మూడు. చుట్టూ ఉన్న కండరం బిగియడం ఒకటి. లోపలి పొర వాచడం రెండు. చిక్కని కఫం పేరుకొనడం మూడు. మొదటిది నిమిషాలలో వచ్చి, మందు పడితే నిమిషాలలో పోగలదు. కడమ రెండూ గంటలు, రోజులు, నెలల తరబడి సాగే వ్యవహారం. కణజాలం రేగి, నెత్తురు ఎక్కువగా చేరి, వాపు పుట్టే ఈ స్థితిని వైద్యులు శోథ అంటారు. శ్వాసనాళికలను వెడల్పు చేసే మందులు మొదటి కారణం మీదనే బాగా పనిచేస్తవి.

మద్రాసు వైద్యుని సలహా

శ్వాస రోగాలను మన ప్రాచీన వైద్యులు మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదు తెగలుగా విభజించారు. వీటిలో తమకశ్వాస లక్షణాలు నేటి ఉబ్బసాన్ని చాలవరకు పోలి ఉన్నవి. పడుకుంటే ఆయాసం పెరగడం, లేచి కూర్చుంటే కొంత సుఖం కలగడం, మబ్బు పట్టిన చలి రోజులలో బాధ ఎక్కువ కావడం చరకసంహితలోనే కనిపిస్తవి. ఎండిన ఉమ్మెత్తను కాల్చి ఆ పొగను పీల్చడం మన దేశంలో వాడుకలో ఉన్న చికిత్స.

గుంటూరు సీమ 1788లో ఈస్టిండియా కుంపిణీ వశమైంది. మద్రాసు నుండి సాగిన ఆ పరిపాలనలో ముఖ్యవైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ (1738–1809) మొక్కల పట్ల విశేషమైన ఆసక్తి గలవాడు. ఉబ్బసంతో బాధపడేవారికి ఆయన ఉమ్మెత్త పొగను సిఫారసు చేసేవాడు. మద్రాసులో ఈ చికిత్సను తెలుసుకున్న జనరల్ జెంట్ అనే సైనికాధికారి 1802లో దీనిని బ్రిటనుకు తీసుకొనిపోయి, ఎడింబరోలోని సిమ్స్ అనే వైద్యునికి తెలిపాడు. ఆనాటి వ్రాతలు ఆ మొక్కను డటూరా ఫెరాక్స్ అని పేర్కొన్నవి. బ్రిటనులో దానికి బదులు అక్కడ దొరికే డటూరా స్ట్రామోనియం అనే దగ్గర జాతిని వాడసాగారు. తరువాతి నూరేళ్ళలో ఉమ్మెత్త ఆకును చుట్టలుగా, సిగరెట్లుగా, కాల్చే పొడిగా అమ్మే వ్యాపారం యూరపులోను, అమెరికాలోను బాగా సాగింది. ఫ్రెంచి నవలా రచయిత మార్సెల్ ప్రూస్ట్ కూడ తన ఉబ్బసానికి ఇటువంటి పొగలనే ఆశ్రయించాడు.

ఈ చికిత్సలో పెద్ద చిక్కు ఒకటి ఉన్నది. మొక్కలోని మందు పాలు నేలను బట్టి, ఋతువును బట్టి, ఆకు, గింజ అనే భాగాన్ని బట్టి మారుతుంది. కొంచెం ఎక్కువైతే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు విప్పారుతవి, గుండె వేగం హెచ్చుతుంది, మనిషి పలవరిస్తాడు, ప్రాణం కూడ పోవచ్చు. పైగా ఏ పొగ అయినా ఊపిరి గొట్టాలకు హాని చేసేదే. కనుక ఉమ్మెత్త చికిత్స చరిత్రలో చదువుకొనవలసినదే గాని, ఇంట్లో చేసి చూడదగినది కాదు.

కప్ప గుండెలు చెప్పిన రహస్యం

ఉమ్మెత్తలో అట్రోపిన్, హయోసయమిన్, స్కోపోలమిన్ అనే ఆల్కలాయిడులు ఉన్నవి. 1833లో జర్మనీలో గైగర్, హెస్సె అనే రసాయనజ్ఞులు బెల్లడోన్నా మొక్క నుండి అట్రోపిన్‌ను వేరుచేశారు. మందు చేతికి వచ్చింది గాని అది పనిచేసే తీరు మరి తొంబది ఏళ్ళ వరకు తెలియలేదు.

1921లో ఆస్ట్రియాలో ఆటో లోవి అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్పల గుండెలను తీసి ఉప్పునీటిలో ఆడుతూ ఉండేట్లు ఏర్పాటు చేశాడు. మొదటి గుండెకు పోయే వేగస్ నాడిని ప్రేరేపించగా అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండవ గుండెపై పోయగా, నాడితో సంబంధం లేకుండానే అదికూడ నెమ్మదించింది. అంటే నాడి తన ఆజ్ఞను ఒక రసాయన పదార్థం ద్వారా తెలుపుతున్నదన్నమాట. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్ అని తేలింది. ఈ పరిశోధనలకు లోవికి, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కు 1936లో నోబెల్ బహుమానం లభించింది.

అదే వేగస్ నాడి శాఖలు ఊపిరి గొట్టాల కండరానికి కూడ పోతవి. అక్కడ విడుదలైన ఎసిటైల్‌కోలిన్ కండర కణం పైనున్న గ్రాహకంలో, తాళంలో తాళపుచెవి వలె అమరుతుంది. దానితో కణం లోపల కాల్షియం పెరుగుతుంది, కండరం బిగుస్తుంది. అట్రోపిన్ కూడ ఆ తాళంలోనే దూరుతుంది, కాని తిరగదు. అది అక్కడ ఉన్నంతసేపు అసలు తాళపుచెవికి చోటు దొరకదు. కండరం సడలుతుంది.

అట్రోపిన్ ఊపిరి గొట్టాలలోనే నిలవక మెదడుకు, కంటికి, గుండెకు పాకడమే దానిలోని దోషం. రసాయనజ్ఞులు దాని అణువులోని నత్రజని పరమాణువుకు మరొక సమూహాన్ని జతచేసి ఎల్లప్పుడు ధనావేశం ఉండేట్లు చేశారు. ఆవేశం గల అణువు కణాల కొవ్వు పొరలను సులభంగా దాటలేదు. కనుక పీల్చిన మందు చాలవరకు గొట్టాలలోనే ఉండిపోతుంది, మెదడుకు పోదు. ఈ విధంగా 1970 తరువాతి దశకంలో ఇప్రాట్రోపియం, 2002 ప్రాంతంలో రోజుకు ఒక్కసారి పీల్చితే చాలునన్న టియోట్రోపియం వాడుకలోకి వచ్చినవి. పొగాకు పొగ, పొయ్యి పొగ వలన ఏళ్ళ తరబడి దెబ్బతిన్న ఊపిరితిత్తుల జబ్బులో ఈ తెగ మందులు విశేషంగా ఉపయోగపడుతున్నవి.

రెండవ దారి: అడ్రినలిన్

బిగించే ఆజ్ఞను ఆపడం ఒక దారి. సడలించే ఆజ్ఞను పంపడం రెండవ దారి. మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథుల సారం రక్తపోటును హెచ్చిస్తుందని ఇంగ్లండులో ఆలివర్, షాఫర్ 1894–95లో చూపారు. జపాను దేశీయుడైన తకమినె జోకిచి ఆ సారంలోని పదార్థాన్ని శుద్ధి చేసి 1901లో అడ్రినలిన్‌గా ప్రకటించాడు. 1903లో న్యూయార్కులో బుల్లోవా, కాప్లాన్ అనే వైద్యులు దానిని సూదిమందుగా ఇచ్చి ఉబ్బసపు తీవ్రతను నిమిషాలలో తగ్గించగలిగారు. అయితే అడ్రినలిన్ మ్రింగితే పనిచేయదు, దాని ప్రభావం ఎక్కువసేపు నిలవదు.

చైనా వైద్యులు అనాదిగా వాడిన మాహువాంగ్ మొక్క ఈ లోటును కొంత తీర్చింది. దాని నుండి నాగయి నగయోషి 1885లో ఎఫెడ్రిన్‌ను వేరుచేశాడు. పెకింగులో చెన్, ష్మిట్ అనే పరిశోధకులు అది అడ్రినలిన్‌ను పోలిన పని చేస్తుందని 1924లో లోకానికి తెలిపారు. ఎఫెడ్రిన్‌ను మాత్రగా మ్రింగవచ్చు. హిమాలయ ప్రాంతాలలో పెరిగే ఎఫెడ్రా జాతులను కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో రామనాథ్ చోప్రా పరిశీలించారు.

పానీయాల నుండి కూడ ఒక మందు వచ్చింది. తాను స్వయంగా ఉబ్బస రోగి అయిన లండను వైద్యుడు హెన్రీ హైడ్ సాల్టర్, 1860లో ప్రచురించిన తన గ్రంథంలో చిక్కని కాఫీని మంచి ఔషధంగా మెచ్చుకున్నాడు. 1888లో ఆల్‌బ్రెక్ట్ కోసెల్ తేయాకు నుండి వేరుచేసిన థియోఫిల్లిన్, కాఫీలోని కెఫీన్‌కు రసాయనికంగా దగ్గరి చుట్టం. 20వ శతాబ్దంలో అది చాలాకాలం చవకైన ఉబ్బసపు మందుగా వాడుకలో ఉన్నది. గుణమిచ్చే మోతాదుకు, హాని చేసే మోతాదుకు మధ్య ఎడం తక్కువ కావడం దాని లోపం.

భీమవరపు శాస్త్రజ్ఞుడు, ఒక చిన్న అణువు

అడ్రినలిన్ కండర కణం లోపలికి పోదు. బయటనే ఉండి లోపలి కండరాన్ని ఎట్లా సడలిస్తుంది? దీనికి సమాధానం కండరాన్ని గురించిన వేరొక పరిశోధనతో ముడిపడి ఉన్నది.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన చేశాడు. శరీర ద్రవాలలోని భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో రూపొందించారు. ఆ పద్ధతి సహాయంతో 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అనే పదార్థాన్ని గుర్తించారు. ఏ.టి.పి. అని పిలిచే ఈ రెండవ పదార్థాన్ని అదే ఏట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా కనుగొన్నాడు. జీవకణాలన్నిటికీ శక్తిని అందించే పదార్థం ఇదేనని నేడు పాఠశాల విద్యార్థులకు కూడ తెలుసు.

ఏ.టి.పి.కి మరొక పని కూడ ఉన్నదని అమెరికాలో ఎర్ల్ సదర్లాండ్ 1950 తరువాతి దశకం చివరలో కనుగొన్నాడు. అడ్రినలిన్ కణం పై తలాన్ని తాకగానే, లోపల ఒక ఎంజైము ఏ.టి.పి.ని వలయాకారపు చిన్న అణువుగా మార్చుతుంది. దానిని చక్రీయ ఏ.ఎం.పి. అంటారు. ద్వారం దగ్గర కబురు అందుకొని ఇంట్లోవారికి చేరవేసే మనిషి వంటిది ఈ అణువు. నునుపు కండరంలో అది కాల్షియంను తగ్గించి, బిగింపు యంత్రాంగాన్ని నెమ్మదింపజేస్తుంది. సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమానం వచ్చింది. చక్రీయ ఏ.ఎం.పి.ని విరిచివేసే ఎంజైమును థియోఫిల్లిన్, కెఫీన్ కొంతవరకు అడ్డగిస్తవి. సాల్టర్ కాఫీకి గల గుణంలో కొంత భాగం దీనివలన అర్థమవుతున్నది.

అడ్రినలిన్‌ను అందుకొనే గ్రాహకాలలో ఆల్ఫా, బీటా అని రెండు తెగలున్నవని రేమండ్ ఆల్‌క్విస్ట్ 1948లో ప్రతిపాదించాడు. బీటాలో కూడ రెండు రకాలున్నవని, గుండెలో మొదటిది, ఊపిరి గొట్టాలలో రెండవది ప్రధానమని 1967లో తేలింది. ఈ విభజన తెలిసిన తరువాత గుండెను అంతగా కదిలించకుండా గొట్టాలను సడలించే మందును తయారుచేయడం సాధ్యమైంది. ఇంగ్లండులో డేవిడ్ జాక్ నాయకత్వాన పనిచేసిన బృందం తయారుచేసిన సాల్‌బ్యుటమాల్ 1969లో విపణికి వచ్చింది. పీల్చిన కొద్ది నిమిషాలలో పనిచేసి, 4 నుండి 6 గంటలు నిలిచే ఈ మందు నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

సుఖం వెనుక పొంచిన ప్రమాదం

సాల్‌బ్యుటమాల్ రాకముందు జరిగిన ఒక విషాదాన్ని ఇక్కడ చెప్పవలసి ఉన్నది. అమెరికాలోని రైకర్ కంపెనీ అధిపతి జార్జి మేసన్ కుమార్తె ఉబ్బస రోగి. తల వెంట్రుకలపై చల్లుకొనే పరిమళ ద్రవాన్ని డబ్బాలో పెట్టినట్లు తన మందును ఎందుకు పెట్టకూడదని 13 ఏళ్ళ ఆ బాలిక తండ్రిని అడిగిందట. 1956లో ఆ కంపెనీ మొదటి ఒత్తిడి ఇన్‌హేలర్లను విడుదల చేసింది. ఒక్క నొక్కుకు కొలిచినట్లు ఒకే మోతాదు రావడం, మందు నేరుగా గొట్టాలకు చేరడం దీని సుగుణాలు. రక్తంలోకి పోయే మందు చాల తక్కువ.

ఈ ఇన్‌హేలర్లలో వాడిన ఐసోప్రెనలిన్ రెండు రకాల బీటా గ్రాహకాలను కదిలించేది. కొన్ని దేశాలలో ఎక్కువ గాఢత గల రకాన్ని కూడ అమ్మారు. 1960 తరువాత కొన్నేళ్ళకు ఇంగ్లండు, వేల్సులలో యువకులలోను, పిల్లలలోను ఉబ్బస మరణాలు పెరగడం వైద్యులు గమనించారు. 1968లో స్పైజర్, డాల్, హీఫ్ అనే పరిశోధకులు ఈ పెరుగుదలకు, ఒత్తిడి ఇన్‌హేలర్ల అమ్మకానికి గల సంబంధాన్ని బయటపెట్టారు. హెచ్చరికల పిదప మరణాలు తగ్గినవి. మరల 1976 తరువాత న్యూజిలాండులో ఇటువంటి ఉపద్రవమే సంభవించింది. అక్కడ అనుమానం ఫెనోటెరాల్ అనే మందుపై పడింది. దాని వాడకాన్ని అరికట్టిన తరువాత మరణాలు తగ్గుముఖం పట్టినవి.

కారణాన్ని గురించి శాస్త్రజ్ఞులలో చాలాకాలం వాదం నడిచింది. అధిక మోతాదు గుండెను దెబ్బతీసిందని కొందరు అన్నారు. మరికొందరు రోగి పొందిన తాత్కాలిక సుఖమే అతనిని మోసగించిందన్నారు. నొక్కగానే ఊపిరి ఆడుతుంది కనుక రోగి మరల మరల నొక్కుతాడు. లోపల పొర వాస్తూనే ఉంటుంది, కఫం గొట్టాలను పూడ్చుతూనే ఉంటుంది. చివరకు నొక్కినా గాలి ఆడని దశ వస్తుంది. అప్పటికి ఆసుపత్రికి చేరే వ్యవధి మించిపోతుంది. ఈ రెండవ వాదం వైద్యుల దృష్టిని కండరం నుండి శోథ వైపు మరల్చింది.

ఆరోగ్యవరంలో కనిపించిన వింత

పిల్లికూతలన్నీ కండరపు బిగింపు వలననే రావని తెలిపిన ఒక ముఖ్యమైన పరిశీలన తెలుగు నేలపైనే జరిగింది. మదనపల్లి సమీపాన ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన క్షయ చికిత్సాలయానికి కొందరు విచిత్రమైన రోగులు వచ్చేవారు. వారికి రాత్రివేళ దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, కొద్దిపాటి జ్వరం ఉండేవి. ఎక్స్-రే చిత్రంలో ఊపిరితిత్తులలో మచ్చలు కనిపించేవి. కాని కఫంలో క్షయ క్రిములు మాత్రం లేవు. రక్తాన్ని పరీక్షించగా ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు అసాధారణంగా పెరిగి ఉన్నవి. అక్కడి వైద్యుడు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ కలసి 1940లో ఈ క్షయవంటి జబ్బును వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దీనికి ఉష్ణమండల ఇయోసినోఫిలియా అని పేరు పెట్టాడు.

దీనికి సరియైన మందు వచ్చిన మార్గం ఆశ్చర్యకరమైనది. హార్వర్డు నుండి లెడర్లీ ప్రయోగశాలకు మారిన సుబ్బారావు నాయకత్వాన, బోదకాలు వ్యాధి క్రిములను చంపే డైఇథైల్ కార్బమజీన్ అనే మందు 1947లో వెలువడింది. హెట్రజాన్ అన్నది దాని వ్యాపారనామం. మరుసటి ఏడు 1948లో సుబ్బారావు మరణించాడు. 1950 తరువాతి దశకంలో ఇదే మందు ఉష్ణమండల ఇయోసినోఫిలియాను కూడ నయం చేస్తుందని వైద్యులు గమనించారు. బోదకాలు క్రిముల పిల్లలు ఊపిరితిత్తులలో చిక్కుకొన్నప్పుడు శరీరం వాటిపై జరిపే తీవ్రమైన పోరాటమే ఈ జబ్బు. ఇక్కడ గొట్టాలను సడలించే మందు ఎంత వాడినా మూలం పోదు. మూలమైన క్రిమి చచ్చిపోతే శోథ తగ్గుతుంది, పిల్లికూత ఆగుతుంది.

మామూలు ఉబ్బసంలో ఈ క్రిమి లేదు. అయినా ఎందరో ఉబ్బస రోగుల కఫంలో అవే ఇయోసినోఫిల్ కణాలు కనిపిస్తవి. ఇది కొత్త విషయమేమీ కాదు. ఈ కణాలకు 1879లోనే పాల్ ఎర్లిహ్ పేరు పెట్టాడు. 1892లో ప్రచురితమైన తన వైద్య గ్రంథంలో విలియం ఆస్లర్, ఉబ్బసంలో చిన్న శ్వాసనాళికల శోథను ప్రస్తావించాడు. అయితే బిగింపును వెంటనే పోగొట్టే మందులు చేతికి రావడంతో, కంటికి కనబడని శోథ సంగతి వెనుకబడిపోయింది.

వాపును అణచే మందు

అడ్రినల్ గ్రంథిలో రెండు పొరలున్నవి. లోపలి పొర అడ్రినలిన్‌ను ఇస్తుంది. పై పొర ఇచ్చే పదార్థాలలో కార్టిసోన్‌ను 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాపు రోగులకు ఇచ్చి గొప్ప ఫలితం పొందాడు. ఆయనకు, కెండల్, రైక్‌స్టీన్ అనేవారికి 1950లో నోబెల్ బహుమానం లభించింది. ఒకే గ్రంథి గొట్టాన్ని సడలించే మందుకు, వాపును అణచే మందుకు కూడ మూలం కావడం గమనింపదగినది.

స్టెరాయిడులనే ఈ తెగ మందులు ఉబ్బసంలో కూడ బాగా పనిచేసినవి. కాని మాత్రలుగా చాలాకాలం వాడితే ఎముకలు బలహీనపడుతవి, రక్తంలో చక్కెర పెరుగుతుంది, పిల్లల ఎదుగుదల కుంటుపడుతుంది. ఏ రోగికి ఇవి ఉపయోగిస్తవో ముందుగా తెలుసుకొనే ఉపాయాన్ని ఇంగ్లండులో హారీ మారో బ్రౌన్ 1958లో చెప్పాడు. కఫాన్ని సూక్ష్మదర్శినితో చూస్తే ఇయోసినోఫిల్ కణాలున్న రోగులకే స్టెరాయిడు గుణమిస్తున్నదని ఆయన గమనించాడు. పీల్చే స్టెరాయిడు బెక్లోమెథసోన్‌తో పొందిన మంచి ఫలితాలను 1972లో ఆయనే ప్రకటించాడు. మాత్రలతో పోల్చితే పీల్చే మోతాదు బహు స్వల్పం కనుక శరీరానికి కలిగే హాని చాల తగ్గింది.

ఈ మందు పనిచేసే తీరు సాల్‌బ్యుటమాల్ తీరుకు పూర్తిగా భిన్నం. ఇది కణం లోపలికి పోయి, అక్కడి గ్రాహకంతో కలసి కేంద్రకాన్ని చేరుతుంది. శోథను రగిలించే పదార్థాల తయారీకి కారణమైన జన్యువులను అణచివేస్తుంది. ఇయోసినోఫిల్ కణాలు తగ్గుతవి, పొర వాపు తీస్తుంది, కఫం తగ్గుతుంది. అంతేకాక కండరంపై రెండవ రకం బీటా గ్రాహకాల సంఖ్యను పెంచి, సడలించే మందుకు కూడ సహాయపడుతుంది. ఇదంతా గంటలు, రోజులు పట్టే పని. పీల్చగానే సుఖం తెలియదు. అందువలననే చాలమంది రోగులు దీనిని పనికిరాని మందుగా భావించి మానివేస్తారు.

సడలించే మందులు శోథను కూడ తగ్గిస్తవా అనే ప్రశ్న సహజమైనది. ప్రయోగశాలలో సాల్‌బ్యుటమాల్ వంటి మందులు కొన్ని కణాల నుండి వెలువడే ప్రకోపక పదార్థాలను అరికట్టడం కనిపించింది. కాని రోగి శరీరంలో దీర్ఘకాలపు శోథను అణచడానికి ఆ శక్తి చాలదు. ఆ పని స్టెరాయిడుదే. ఉబ్బసానికి సంబంధించిన అంతర్జాతీయ సంస్థ గినా 2019లో ఈ చరిత్రనంతా దృష్టిలో పెట్టుకొని ఒక ముఖ్యమైన మార్పు చేసింది. కౌమార వయస్కులు, పెద్దలు సాల్‌బ్యుటమాల్ వంటి త్వరితమైన మందును ఒంటరిగా వాడరాదని, పీల్చే స్టెరాయిడు కూడ తప్పక ఉండాలని సూచించింది. రెండు మందులనూ ఒకే ఇన్‌హేలర్‌లో కలిపి ఇచ్చే పద్ధతి నేడు వ్యాప్తిలో ఉన్నది. సాల్‌బ్యుటమాల్, ఇప్రాట్రోపియం, పీల్చే స్టెరాయిడు అయిన బుడెసొనైడ్, మూడూ భారత ప్రభుత్వపు అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నవి.

తరగతి గదిలో తెలియవలసిన సంగతి

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, అది ఆఖరి దశలో వాడే మందని అపోహలు ఇంకా పోలేదు. కొందరు తల్లిదండ్రులు పిల్లవాని ఇన్‌హేలర్‌ను బడికి పంపడానికి సిగ్గుపడతారు. మాత్రలోని మందు శరీరమంతా తిరిగి ఊపిరి గొట్టాలను చేరుతుంది. ఇన్‌హేలర్‌లోనిది నేరుగా అక్కడికే చేరుతుంది. కనుక తక్కువ మందుతో ఎక్కువ ఫలితం కలుగుతుంది. భయపడవలసినది ఇన్‌హేలర్‌ను గురించి కాదు, దానిని ఎన్నిసార్లు నొక్కవలసి వస్తున్నదనే దానిని గురించి. త్వరితమైన మందు అవసరం వారానికి రెండుసార్లను మించితే లోపలి శోథ అదుపులో లేదని వైద్యులు గ్రహిస్తారు. అటువంటి పిల్లవానిని వైద్యుని వద్దకు పంపవలసిన అవసరాన్ని ఉపాధ్యాయుడు తల్లిదండ్రులకు తెలియజేయగలడు. మాటకు మాటకు మధ్య ఊపిరి అందకపోయినా, పెదవులు నీలిరంగు తిరిగినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

నూజెండ్ల పొలిమేరలో ఉమ్మెత్త నేటికీ పూస్తున్నది. మిరప కల్లాలలో ఘాటు నేటికీ దగ్గు తెప్పిస్తున్నది. ఉమ్మెత్త పొగ పీల్చిన పూర్వుల అనుభవంలో సత్యమున్నది. దానిలోని విషాన్ని వేరుచేసి, మందును మాత్రం నిలుపుకొనడం శాస్త్రం చేసిన పని. అయినా ఆ మొక్క చేయగలిగింది సగం పని మాత్రమే. పిల్లికూత ఆగినంత మాత్రాన జబ్బు ఆగినట్లు కాదనే మిగిలిన సగం పాఠాన్ని, ఆరోగ్యవరపు రోగుల రక్తబిందువులు, ఇంగ్లండు, న్యూజిలాండులలో అకాలంగా మరణించినవారి లెక్కలు కలసి నేర్పినవి.